కొండకు రోప్‌వే రావచ్చును. త్రికూటపు రూపురేఖ చెదరరాదు

మహాశివరాత్రి సమీపించినప్పుడెల్ల పల్నాట ఒక ప్రశ్న మరల తలయెత్తుచుండును: కోటప్పకొండకు రోప్‌వే ఎప్పుడు వచ్చును? ఉత్సవమునకు ఊళ్లవారు కట్టు ఎత్తైన ప్రభలకు వెదురు సమకూర్చుకొను దినములలో చిలకలూరిపేట, నరసరావుపేట వీథులలో వినవచ్చు ఈ ప్రశ్నకు అధికారమునందున్నవారు ఎవరికి తోచిన సమాధానము వారు చెప్పుచుందురు. పండుగ గడచిన పిదప ప్రశ్నయు, సమాధానమును కూడ మరుసటి మాఘమాసమువరకు విశ్రమించును. ఇన్నిమారులు చర్చకు వచ్చినను వ్యయమెంత, గడువెంత, భారము ఏ శాఖది అన్న విచారణయే గాని, కొండమీద నిలువబోవు స్టేషను ఏ రూపున నుండవలెను, ఎచ్చట ఆగవలెను, ఎంత ఎత్తు లేవవలెను అన్న విచారణ జరుగుట అరుదు. రోప్‌వేలో తాడు సన్నపుది, స్తంభములు కొలదివి. కొండరూపును నిజముగా మార్చునది తాటి రెండు కొసల నిలుచు కట్టడము, అందునను ఎగువ కట్టడము. అది యంత్రము పాతబడినను పోవునది కాదు. యంత్రములు మార్చి మార్చి అదే గోడల నడుమ నిలుపుచుందురు. కావున టెండరు పిలుచుటకు ముందే తేల్చుకొనవలసిన విషయము టెండరు ముగిసిన తరువాత గుత్తేదారుని ఇచ్చకు విడువబడుచున్నదన్నదే ఈ వ్యాసమునందలి ఆక్షేపణ.

త్రికూటాచలమని పేరుగాంచిన ఈ కొండకు బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములు మూడు; ఏ దిక్కునుండి చూచినను ఆ మూడును కానవచ్చునని జనవాక్యము. ప్రత్తి, మిరప పండు నల్లరేగడి మైదానమునుండి, చుట్టును పెద్ద కొండల తోడు లేక, ఒంటరిగా లేచినది గనుకనే చిలకలూరిపేట ప్రక్కగా పోవు 16వ నంబరు జాతీయ రహదారిమీది బాటసారికిని, నరసరావుపేటనుండి ఎల్లమంద మీదుగా వచ్చు రైతునకును అది దూరమునుండియే గురుతు తెలియుచుండును. హిమాలయమువంటి పర్వతశ్రేణిలో ఒక శిఖరముమీద ఏ కట్టడము లేచినను వెనుకనున్న మరియొక శిఖరము దానిని మరుగుపరచును. మైదానమున నిలిచిన ఏకాకి కొండకు అట్టి ఆశ్రయము లేదు. దాని అంచు రేఖకు వెనుక ఆకాశము తప్ప వేరేదియు నుండదు. ఆ రేఖమీద లేచిన ప్రతి అడుగు గోడయు పది క్రోసులకు కానవచ్చును. కాకి వాలని కొండయని దీనికి ప్రసిద్ధి కలదు. కాకుల సంగతి యటుంచి, కాంక్రీటు విషయమున మాత్రము ఈ కొండ అంత అదృష్టము నోచుకొనలేదు. గత శతాబ్ది చివరి సంవత్సరములలో ఘాట్‌రోడ్డు వచ్చినది. దాని వెంబడి మహావిగ్రహములు వచ్చినవి. పైన సత్రములు, వాహనములు నిలుపు స్థలములు వచ్చినవి. వీనిలో ఒక్కొక్కటియు విడిగా సమంజసమే, భక్తితో తలపెట్టినదే. అన్నియు కలసి కొండవాలును ఏమి చేసినవో రహదారినుండి చూచువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

రోప్‌వేయే వలదనువారి వాదములు తేలికగా త్రోసివేయదగినవి కావు. మొదటిది భక్తిపక్షము: మెట్లెక్కి దర్శించుటయందే తపస్సున్నదని, పెట్టెలో కూర్చుండి కొన్ని నిమిషములలో చేరువానికి క్షేత్రము విహారస్థలమై పోవునని వారందురు. తిరుమలకు 1944లో మొదటి ఘాట్‌రోడ్డు తెరచిన నాటినుండియు తెలుగుదేశమున ఈ వాదము ఏదో యొక రూపమున సాగుచునే యున్నది. అయితే కోటప్పకొండ స్థలపురాణమే దీనికి చిత్రమైన సమాధానము చెప్పుచున్నది. రుద్రశిఖరముమీది స్వామిని నిత్యము సేవించు గొల్లభామ ఆనందవల్లి గర్భవతియై కొండ యెక్కలేక, తానే క్రిందికి రమ్మని వేడుకొనగా, స్వామి అంగీకరించి ఆమె వెంట దిగివచ్చుచు, ఆమె వెనుదిరిగి చూచినంతనే బ్రహ్మశిఖరమున నిలిచిపోయెనని కథ. నేడు లక్షలమంది దర్శించు ఆలయము ఆ చోటనే యున్నది. పాత కోటయ్య గుడి పైన రుద్రశిఖరమున ఉన్నది. అశక్తులకొరకు దేవుడే సగము దూరము దిగివచ్చెనని నమ్ము క్షేత్రమున, వృద్ధులకు, వికలాంగులకు, గర్భిణులకు సౌకర్యము కల్పించుట అపచారమనుట పొసగదు. కాని ఆ కథలోనే మరియొక సూచనయు కలదు: దిగివచ్చినది స్వామి, కదలనిది కొండ.

రెండవ వాదము జీవనోపాధికి సంబంధించినది. వైష్ణోదేవి క్షేత్రమునకు కట్రానుండి వేయదలచిన రోప్‌వేకు వ్యతిరేకముగా 2024 చివర అచ్చటి గుఱ్ఱపువారు, డోలీవారు, దుకాణదారులు సమ్మెకు దిగి ఊరంతయు బందు పాటించిన సంగతి తెలిసినదే. అచ్చటనే ప్రధానాలయమున్న భవన్‌నుండి భైరవ ఆలయమువరకు 2018 డిసెంబరులో తెరచిన చిన్న రోప్‌వేకు అట్టి ప్రతిఘటన కలుగలేదు. అది నిట్టనిలువు తుది ఘట్టమును మాత్రము తేలికపరచినది, మొత్తము దారిని ఎండగట్టలేదు. కోటప్పకొండకు డోలీవారి సమస్య అంతగా లేకున్నను, మెట్లదారిని, ఘాట్‌రోడ్డు మొదటిని నమ్ముకొన్న కొబ్బరికాయల అంగళ్లు, ఆటోలు ఎన్నియో కలవు. దిగువ స్టేషను వారినుండి దూరముగా, ప్రహరీ నడుమ, తన స్వంత దుకాణ సముదాయముతో వెలసెనా, ఆ వాడ ఎండిపోవును; మెట్లదారి మొదటికి నడచివచ్చు దూరముననే నిలిచెనా, బ్రదుకును. ఈ చిన్న నిర్ణయము వాస్తుశిల్పి కాగితముమీద ఒక అంగుళము. ఊరివారికి ఒక తరపు జీవనము.

మూడవ పక్షమువారు, ఘాట్‌రోడ్డు ఉండగా రోప్‌వే యెందుకని అడుగుదురు. ఇది అన్నిటికంటె బలమైన ప్రశ్న. దీనికి సమాధానము లేనిచో తక్కినదంతయు వృథా. రోడ్డునకు తోడుగా రోప్‌వే వచ్చి, పైన కార్లు నిలుపు చోటు ఇప్పటివలెనే విస్తరించుచు, దానిప్రక్క స్టేషనుకూడ లేచినచో కొండకు రెండు గాయములగును, ఉపశమనము కలుగదు. రోప్‌వేకు న్యాయమైన కారణము ఒక్కటే: దానిమూలమున స్వంత వాహనములను క్రిందనే ఆపి, పైనున్న వాహనస్థలమును కొండకు తిరిగి యిచ్చివేయుట. స్విట్జర్లాండునందు జెర్మాట్ గ్రామము మోటారుకార్లను ఊరిలోనికి రానీయదు. దూరముననే దిగి రైలెక్కి రావలెను. దానివలన యాత్రికులు తగ్గలేదు. యాదగిరిగుట్టలో 2022లో ఆలయము పునఃప్రారంభమైన తరువాత కొండపైకి కార్లను నిషేధించి, పిమ్మట 500 రూపాయల రుసుముపై అనుమతించిన ఉదంతము మనకు దగ్గరిది; పైకి వాహనమును రానీయకుండుట ఎంత కష్టమో, ఒకసారి రుచిచూపిన సౌకర్యమును తిరిగి తీసికొనుట ఎంత కష్టమో దానివలన తెలియుచున్నది. కోటప్పకొండ రోప్‌వే ఒప్పందములోనే రోడ్డుమీది ఆంక్షను చేర్చనిచో, తరువాత చేర్చగల ధైర్యము ఏ ప్రభుత్వమునకును కలుగదని నా అభిప్రాయము.

ఇక పరిమాణము. రోప్‌వే వచ్చినచో శివరాత్రి రద్దీ తీరునన్న ఆశ లెక్కకు నిలువదు. గంటకు 500 మందిని చేర్చు చిన్న రోప్‌వే 24 గంటలు ఆగక నడచినను 12,000 మందిని మించి పైకి చేర్చలేదు. గంటకు 2,000 మందిని మోయు పెద్ద వ్యవస్థయైనను అదే కాలమున 48,000కు మించదు. ఆనాడు కొండకు వచ్చునది లక్షలలోని జనము. ఒక్కరాత్రికొరకు పెద్ద వ్యవస్థను, దానికి తగిన పెద్ద స్టేషనును కట్టి, తక్కిన సంవత్సరమంతయు ఖాళీ పెట్టెలను త్రిప్పుట కంటె, కార్తిక సోమవారములకును, సాధారణ దినములకును సరిపడు చిన్న వ్యవస్థను వేసి, శివరాత్రినాడు దానిని అశక్తులకు మాత్రమే కేటాయించుట వివేకము. కొండరూపును కాపాడు మొదటి సాధనము రంగుకాదు, రాయికాదు, ఈ అంకె.

రోప్‌వే స్టేషననగా టికెట్టు గది యని చాలమంది ఊహ. నిజమునకు అది యంత్రశాల. అంతులేని ఉక్కుతాడును త్రిప్పు మహాచక్రము, దానిని నడుపు మోటారు, గేరుపెట్టె, విద్యుత్తు పోయినప్పుడు ఆదుకొను డీజిలు ఇంజను, తాటి బిగువును సమముగా నిలుపు హైడ్రాలిక్ సాధనము, రాత్రివేళ పెట్టెలను దాచి మరమ్మతు చేయు షెడ్డు, నియంత్రణ గది—వీనికి తోడు యాత్రికుల వరుసలు, మరుగుదొడ్లు, నీటి తొట్లు. ఇవన్నియు రెండు కొసలనుండు స్టేషనులలో ఎచ్చట ఏది యుంచవలెనన్న పంపకమే అసలు రూపకల్పన. చోదకయంత్రమును ఎగువన ఉంచుట ఇంజనీర్లకు ఇష్టము. ఏలయనగా తాటి బిగువు పైననే హెచ్చుగ నుండును గనుక చక్రమునకు పట్టు బాగుగ దొరకును. ఆల్ప్స్ పర్వతములలో వేలకొలది అడుగులు ఎక్కవలసినచోట ఆ సూక్ష్మము విలువైనది. ఇంతటి చిన్న కొండకు యంత్రమును దిగువననే ఉంచి కొంత విద్యుత్తు అధికముగా వ్యయపరచినను నష్టము స్వల్పము. లాభమో, పైకి పెద్ద విద్యుత్తు లైను, డీజిలు, శబ్దము, మరమ్మతు లారీలు పోనవసరముండదు. పెట్టెల షెడ్డు, నీటి తొట్టి, దుకాణములు, భోజనశాల క్రిందనే ఆగవలెను. పైన మిగులవలసినది తాడు తిరిగి వచ్చు చక్రమొకటి, దిగి నడచిపోవు వేదిక యొకటి, ఎండవానలకు నీడ.

పెట్టెలను తాటికి తగిలించు పద్ధతియు కట్టడపు పొడవును నిర్ణయించును. స్టేషను చేరగానే తాటినుండి విడివడి, నెమ్మదించి, మరల వేగము పుంజుకొని తాటిని పట్టుకొను పెట్టెల వ్యవస్థ ఎక్కువమందిని మోయును గాని, ఆ నెమ్మదించుటకును వేగించుటకును పొడవైన పట్టాలదారి కావలెను. దానిని కప్పు పెంకు పెద్దదగును. మూడు నాలుగు పెట్టెలను గుంపుగా తాటికే స్థిరముగా బిగించి, గుంపు స్టేషను చేరునప్పుడు తాటినే నెమ్మదింపజేయు పద్ధతిలో మోయబడువారు తగ్గుదురు, స్టేషను పొట్టిదగును. వాస్తుశిల్పిని పిలుచుటకు ముందే, యంత్రము నెన్నుకొను నాటికే, కొండమీద కట్టడము ఎంత పెద్దదో సగము నిర్ణయమైపోవునని దీని అర్థము. తరువాత వచ్చి గోడకు ఆకుపచ్చ రంగు పూసి ప్రకృతిలో కలసిపోయినదని చెప్పుకొనుట ఆత్మవంచన.

ఇతర దేశముల అనుభవములలో మనకు దగ్గరిది ఆల్ప్స్ కాదు, చైనాలోని థాయిషాన్. అదియు మెట్లదారి కలిగిన పుణ్యక్షేత్రము. శతాబ్దములుగా యాత్రికులు వేల రాతిమెట్లెక్కి పోవుచున్న కొండ. అచ్చట 1983లో రోప్‌వే వేసిన నాడు ఎగువ స్టేషనుకొరకు చంద్రదర్శన శిఖరమని పేరుగల యూఎగ్వాన్ శిఖరమును మందుగుండుతో పేల్చి చదునుచేసిరి. 1987లో థాయిషాన్ ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినది. 2000 సంవత్సరమున ఆ రోప్‌వేను మార్చి మరింత పెద్దది వేయబూనినప్పుడు చైనా పండితులు, ప్రకృతి పరిరక్షకులు దానిని తొలగించుటకు ఇదియే అదనని బహిరంగముగా వాదించిరి. వారి మాట నెగ్గలేదు. ఈ ఉదంతమునుండి గ్రహింపదగిన విషయము రోప్‌వే చెడ్డదని కాదు. యంత్రము ఆయుర్దాయము తీరి మారినను, పేల్చిన శిఖరము మారదు; మొదట ఎంచిన చోటే శాశ్వతమై, తరువాతి ప్రతి విస్తరణకును అదే సాకగుచున్నది.

దీనికి భిన్నమైన మార్గము ఇజ్రాయెలులోని మసాదా కోటది. ఎడారిలో ఒంటరిగా నిలిచిన ఆ బల్లపరపు కొండకు రోప్‌వే ఉన్నది; కాని ఎగువ స్టేషనును కోట సమతలముమీద కాక, తూర్పు కొండచరియ ప్రక్కన, అంచుకు దిగువుగా నిలిపిరి. దిగిన యాత్రికుడు చరియ నంటియున్న కాలిబాటవెంట నడచి, ప్రాచీనులు ప్రవేశించిన ద్వారమువద్దనే కోటలో అడుగిడును. దూరమునుండి చూచువానికి కొండతల యథాతథముగ చదునుగా కానవచ్చును. జపానునందలి కోయాసాన్ కొండకు 1930లో వేసిన తాటి రైలుకూడ దేవస్థానమువరకు పోదు. అది ఊరి పొలిమేరకు బయటనే ఆగును, అచ్చటనుండి వేరే బస్సెక్కవలెను. ఈ రెండు ఉదాహరణములలోను యాత్రికునికి కొంచెము అసౌకర్యము మిగిల్చిరి. ఆ మిగిల్చిన అసౌకర్యమే క్షేత్రమునకు రక్షణ. మన ప్రణాళికలలో మాత్రము గర్భగుడి గడపవద్ద దించుటయే ఘనకార్యముగ భావింపబడుచున్నది. కోటప్పకొండలో ఆలయమునకు కొంత దిగువున, శిఖరరేఖ తాకని వాలులో స్టేషను ఆగి, అచ్చటనుండి చక్రాల కుర్చీ పోగల మెత్తని వాలుబాట సాగినచో, అశక్తులకు లోటు లేదు, శక్తులకు నాలుగడుగుల నడక మిగులును.

నిర్మాణ విధానమునకు ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ నగరముచెంత 1995లో తెరచిన స్కైరైల్ మంచి పాఠము. ఏడున్నర కిలోమీటర్ల ఆ తాడు ప్రపంచ వారసత్వ అరణ్యము మీదుగా పోవును. స్తంభములకొరకు అడవిలో రోడ్డు నరకక, సామగ్రిని హెలికాప్టరుతో దించి, ఒక్కొక్క స్తంభపు చోటును చేతిపనితో శుభ్రపరచి, తీసిన మొక్కలను పనియైన తరువాత మరల నాటిరి. మన ప్రాంతమున బలుసు, రేగు, తుమ్మలతో కూడిన పొదల అడవియే యున్నది గనుక ఇంత శ్రద్ధ ఎందుకని అడుగుట పరిపాటి. పొదల అడవి ఎండకు గట్టిది, యంత్రమునకు బలహీనము. పొక్లెయినుకు వేసిన తాత్కాలిక బాట కొండవాలులో ఒక వర్షాకాలమునకే వాగై, మట్టి కొట్టుకొనిపోయి, రాయి మిగులును. కొండవీటికి ఘాట్‌రోడ్డు వేసిన పిదప ఆ వాలులు చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు.

కట్టడపు రూపు విషయమున ప్రపంచమున రెండు మతములు కలవు. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున జహా హదీద్ 2007లో రూపొందించిన కొండ రైలు స్టేషనులు హిమానీనదములవలె తళతళలాడు గాజు పెంకులు. కొండలో దాగుట వాని ఉద్దేశము కాదు, కొండతో పోటీపడి కంటబడుట. అదే ఆల్ప్స్‌లో స్విట్జర్లాండునందలి ఖేజెరుగ్ శిఖరమున హెర్జోగ్, డె మెరోన్ అను శిల్పులు 2015లో ముగించిన స్టేషను పాత కాంక్రీటు కట్టడమును కూల్చక దానినే తనలో ఇముడ్చుకొని, ఆ ప్రాంతపు కలపతో, విశాలమైన చూరుతో నిలిచినది. దక్షిణాఫ్రికా కేప్‌టౌనులోని టేబిల్ పర్వతముపై 1929లోనే తెరచిన రోప్‌వే ఎగువ స్టేషను కొండరాతితో కట్టబడి, 1997లో పెద్ద గుండ్రని పెట్టెలు వచ్చిన తరువాతను, కొండ యంచులో ఒక రాతిపొరవలె ఇమిడియున్నది. నాకు రెండవ మతమే సమ్మతము. అయితే దానిని కూడ పల్నాటికి నేరుగా దిగుమతి చేసికొనుట తగదు. రెంటచింతల యెండలు వార్తలకెక్కు ఈ జిల్లాలో గాజు స్టేషను వేసవిలో కొలిమి యగును; దానిని చల్లార్చు ఏసీ యంత్రములకు మరల కొండమీద విద్యుత్తు కావలెను. దట్టమైన రాతిగోడ, గాలి దూరు జాలీలు, లోతైన వసారా, పైకప్పుమీద మట్టి వేసి అచ్చటి పొదలనే పెంచుట ఇచ్చటి వాతావరణము అడుగు రూపములు. బంగాళాఖాతమునుండి వచ్చు తుపానుగాలులు ఇంతదూరము చేరునవే గనుక రేకుల కప్పు, ఎత్తైన తెరలు ప్రమాదము కూడ.

రాయి విషయమున ఒక హెచ్చరిక అవసరము. ఈ ప్రాంతము రాతికి పేదది కాదు: మాచెర్ల నాపరాయి, బల్లికురవ గ్రానైటు, చీమకుర్తి నల్లరాయి దేశాంతరములకు పోవుచున్నవి. రాయి దగ్గరగా దొరకుటయే ఇచ్చటి ఆపద, ఏలయనగా మన గుత్తేదారులకు రాయి యనగా అద్దమువలె పాలిషు పట్టిన పలక. మెరుగుపట్టిన గ్రానైటు తాపడము మధ్యాహ్నపు టెండలో క్రోసుల దూరమునకు మిరుమిట్లు గొల్పును. కావలసినది ఆ గనులలో పనికిరాదని పారవేయు గరుకు ముక్కలు; కొండరాతి రంగుకు దగ్గరివి ఏరి, నీడలు పడునట్లు ఎగుడుదిగుడుగా పేర్చిన గోడ. ఖర్చు తక్కువ, పని ఎక్కువ; బిల్లుల పద్ధతికి అదియే అభ్యంతరము.

దిగువ స్టేషనుకు ఈ క్షేత్రమున ఒక ప్రత్యేక నిబంధన కలదు. ఏ విదేశ గ్రంథమునను అది దొరకదు. చిలకలూరిపేట పురుషోత్తమపట్నము, కావూరు, మద్దిరాల, యడవల్లి మొదలైన గ్రామములనుండి వచ్చు ప్రభలు కొన్ని ఎనుబది, తొంబది అడుగుల ఎత్తుండును. అవి సాగు దారిలో విద్యుత్తీగలు అడ్డు తొలగింపవలసివచ్చుట ఏటేట జరుగు పనియే. విద్యుత్తీగను ఒకనాటికి విప్పవచ్చును. బిగువున నున్న రోప్‌వే తాటిని విప్పరాదు, పైకెత్తరాదు. కావున దిగువ స్టేషనుగాని, మొదటి స్తంభమునకు లోపలి తాడుగాని ప్రభలు వచ్చు దారులను, అవి నిలుచు తిరునాళ్ల మైదానమును దాటరాదు. పటముమీద పొట్టిదారి చూచి గీసిన గీత ఒక్కటి, ఊళ్ల తరబడి సాగిన ఆచారమును ఆపగలదు. అట్లే రాత్రి దీపములు: శివరాత్రినాడు చీకటిలో వెలుగు విద్యుత్ ప్రభల శోభకు కారణము చుట్టునున్న చీకటి; ఏడాది పొడవున కొండను రంగురంగుల ఫ్లడ్‌లైట్లతో ముంచు స్టేషను ఆ ఒక్క రాత్రినికూడ వెలవెల బోవజేయును.

భద్రతకును రూపమునకును విరోధమున్నదని కొందరి భ్రమ. జార్ఖండు దేవఘర్‌లో, అదియు త్రికూట పర్వతమే, 2022 ఏప్రిల్ 10న రోప్‌వే ప్రమాదము జరిగి పదులకొలది యాత్రికులు గాలిలో చిక్కుకొని, వైమానికదళపు హెలికాప్టర్లు రెండుదినములు శ్రమింపవలసివచ్చినది, ముగ్గురు మరణించిరి. పళనిలో 1966నుండి విన్చ్ రైలు నడచుచుండగా 2004లో వచ్చిన రోప్‌కారు 2007లో ప్రమాదమునకు గురియై ప్రాణనష్టము కలిగించినది. ఇట్టి ఘటనలు కోరునది పెద్ద స్టేషను కాదు. తాటికి క్రింద మనుష్యుడు నడచి చేరగల దారి, పెట్టె నేలకు అందుబాటు ఎత్తున పోవుట, పరీక్షలకొరకు ఏటేట తప్పక మూసివేయు దినములు కావలెను. తాడు నేలకు దగ్గరగా, వాలును అనుసరించి సాగినచో స్తంభములు పొట్టివై కంటికి తక్కువగ తగులును, రక్షణయు సులభమగును. ఇక్కడ సౌందర్యము, క్షేమము ఒకే దారిన పోవుచున్నవి. దీనిని గుర్తించిన నివేదిక మన ప్రాంతమున నాకింకను కానరాలేదు.

విధాన విషయమునకు వత్తము. 2021లో రోప్‌వేల బాధ్యత కేంద్ర రహదారి రవాణా శాఖకు చేరినది. 2022–23 బడ్జెటులో రోప్‌వేలకొరకు పర్వతమాల పథకము ప్రకటింపబడినది. 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గము సోన్‌ప్రయాగనుండి కేదారనాథమునకు 12.9 కిలోమీటర్ల రోప్‌వేకు 4,081 కోట్ల రూపాయల అంచనాతో అనుమతించినది. డబ్బు, యంత్రము, అనుభవము దేశమున దొరకుచున్న కాలమిది. గిర్నారు రోప్‌వే 2007లో శంకుస్థాపన జరిగి, రాబందుల ఆవాసమునుగూర్చిన ఆక్షేపణలు దాటి, 2020 అక్టోబరులోగాని తెరవబడకపోవుట పాతకథ యగుచున్నది. కాని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యపు టెండరులో ఒక సహజ దోషము కలదు. టికెట్టు రాబడి చాలని గుత్తేదారునికి లాభము దుకాణములు, భోజనశాలలు, ప్రకటన పలకలనుండి రావలెను. అందుచే స్టేషను పెరుగుచునే యుండును. హాంకాంగులో 2006లో మహాబుద్ధ విగ్రహముచెంతకు వేసిన రోప్‌వే ఎగువన ఒక కృత్రిమ గ్రామమే దుకాణములతో వెలసి, దేవస్థానమునకు ముందు అంగడివీథి దాటవలసిన స్థితి కలిగినది. మన టెండరుపత్రములో ఎగువ స్టేషను వైశాల్యమునకు, ఎత్తునకు గరిష్ఠ పరిమితి అంకెలలో వ్రాయవలెను. పైన వ్యాపారము నిషేధించి, ఆ లోటును దిగువ స్టేషను అద్దెలతోనో, దేవాదాయ శాఖ వాటాతోనో పూరింపవలెను. పెట్టెలమీద ప్రకటనలు వలదని వ్రాయవలెను. రాతిని పేల్చుట వలదని వ్రాయవలెను. అటవీభూమి ఎంత తగిలినను 1980 నాటి అటవీ సంరక్షణ చట్టమును అనుసరించు అనుమతి కావలసియే యున్నది. కాని ఆ చట్టము చెట్లను లెక్కించును గాని, శిఖరరేఖను లెక్కింపదు. ఆ లెక్క మనమే చేర్చుకొనవలెను.

దానికి ఉపాయము కష్టమైనది కాదు. స్విట్జర్లాండులో ఏ క్రొత్త కట్టడమునకైనను అనుమతి యిచ్చుటకు ముందు, కట్టబోవు ఆకారపు మూలలలో సన్నని గడలు నిలిపి, ఎత్తు, వెడల్పు ఇరుగుపొరుగువారికి కండ్లారా చూపి, ఆక్షేపణలకు గడువిత్తురు. కంప్యూటరు చిత్రములో మేఘములను, నవ్వుచున్న యాత్రికులను చేర్చి ఏ భవనమునైనను అందగించి చూపవచ్చును. గడ మాత్రము అబద్ధమాడదు. తొంబది అడుగుల ప్రభను వెదురుతో, మోకులతో నిలువబెట్టగల నేర్పరులు ఊరూర నున్న ఈ ప్రాంతమునకు ఆ పద్ధతి పరాయిది కాదు. ప్రతిపాదించిన ప్రతి ఎగువ స్టేషను స్థలమునను దాని కొలతలకు సరిగా వెదురు చట్రము నిలిపి, చిలకలూరిపేట రహదారినుండి, ఎల్లమందనుండి, కొండకావూరినుండి, మెట్లదారి మొదటినుండి నెలదినములు జనులు చూచునట్లు చేసి, శిఖరరేఖకు పైకి తేలిన చట్రమును ఆ నెలలోనే దించివేయవలెను. ఆ పనికగు వ్యయము సాధ్యతా నివేదికల ఖర్చులో పదియవ వంతైనను ఉండదు. ఈ శివరాత్రికి ప్రభలు కట్టి ముగించిన వెదురు కళాకారులనే ఆ తరువాతి వారమున కొండమీదికి పిలువవచ్చును.